పాక్లిటాక్సెల్ కోసం చెట్టా, ట్యాంకా: మా యూనిట్ చేసిన ఒక ఎంపిక

ఈ ప్రాజెక్టు మొదలైన రోజు మీటింగ్ రూములో వైట్‌బోర్డు మీద నేను మొదట రాసింది ధర కాదు, మనుషుల లెక్క. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందుకు వాడుకలో ఉన్న డోసుల్లో ఒకటి, శరీర ఉపరితలం చదరపు మీటరుకు 175 మి.గ్రా., మూడు వారాలకోసారి. 1.6 చదరపు మీటర్ల మనిషికి ఒక్కో సైకిల్‌కు 280 మి.గ్రా. పడుతుంది. ఆరు సైకిళ్లకు 1.68 గ్రాములు. అంటే ఒక కిలో మందుతో దాదాపు 600 మందికి కోర్సు పూర్తవుతుంది. అండాశయ క్యాన్సర్ వచ్చినప్పుడు మా పెద్దమ్మకు ఎక్కించింది ఈ మందే. అందుకేనేమో, ఆ 600 అంకెను బోర్డు మీద నుంచి చాలా రోజులు ఎవరినీ చెరపనివ్వలేదు.

మాది హైదరాబాద్ శివార్లలో ఒక మధ్యస్థాయి బల్క్ డ్రగ్ (ఇంజెక్షన్లకు, మాత్రలకు వాడే ముడి మందు) యూనిట్. నేను ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో పనిచేస్తాను. యాజమాన్యం అడిగిన ప్రశ్న చూడ్డానికి చిన్నది. క్యాన్సర్ మందుల బ్లాకులో పాక్లిటాక్సెల్ మొదలుపెట్టాలి, దాని మూలం ఎక్కడి నుంచి? యూ అనే చెట్టు నుంచి తీసిన పదార్థంతో మొదలుపెట్టాలా, లేక ఆ చెట్టు కణాలను ట్యాంకులో పెంచి వాటి నుంచి తీయాలా? జవాబు చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది. మేం చివరికి దేన్ని ఎంచుకున్నామన్న దానికన్నా దారిలో తెలిసొచ్చిన సంగతులే ఇదే పని మీద ఉన్నవాళ్లకు ఎక్కువ అక్కరకొస్తాయని రాస్తున్నాను.

చెట్టు కొట్టి కాయలు కోసిన రోజులు

1962 ఆగస్టులో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రంలోని గిఫర్డ్ పిన్‌షో అడవిలో పసిఫిక్ యూ చెట్టు నుంచి బెరడు, కొమ్మలు సేకరించి పంపాడు. దాని శాస్త్రీయ నామం టాక్సస్ బ్రెవిఫోలియా. నార్త్ కరోలినాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో మన్రో వాల్, మన్సుఖ్ వాణీ ఆ బెరడులో పనిచేస్తున్న పదార్థాన్ని విడదీసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రచురించారు. వాణీ గారు మహారాష్ట్రలోని నందుర్‌బార్‌లో పుట్టినవారు. 1979లో న్యూయార్క్‌లో సూసన్ హార్విట్జ్ బృందం ఇది ఎలా పనిచేస్తుందో కనిపెట్టింది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాలు కట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటాయి. అప్పటిదాకా తెలిసిన మందులు ఆ గొట్టాలను కట్టుకోనివ్వవు. పాక్లిటాక్సెల్ దారి వేరు, కట్టిన గొట్టాన్ని మళ్లీ విడిపోనివ్వదు. కణం అక్కడే ఆగిపోతుంది.

మందు దొరికింది, కానీ చెట్టు చాలలేదు. ఎండిన బెరడులో ఇది ఉండేది దాదాపు 0.01 శాతం. కిలో మందుకు పది టన్నుల బెరడు కావాలి, దానికి సుమారు 3,000 చెట్లు. బెరడు పూర్తిగా ఒలిస్తే చెట్టు చస్తుంది. యూ చెట్టు ఎదుగుదల ఎంత నెమ్మదంటే, ఒలవడానికి తగినంత లావు కావడానికే మనిషి జీవితకాలం చాలదు. పైగా ఆ ముదురు అడవులే చుక్కల గుడ్లగూబకు ఇల్లు. 1990లో ఆ పక్షిని ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. 1992 డిసెంబరులో అమెరికాలో మందుకు అనుమతి వచ్చేనాటికి ఒకవైపు అడవి కోసం పోరాడేవాళ్లు, మరోవైపు మందు కోసం ఎదురుచూసే రోగులు. ఇద్దరి వైపూ న్యాయం ఉంది. మేం బెరడు దారిని మా జాబితాలో చేర్చనే లేదు. కొత్తగా ఎవరూ చేర్చకూడదు కూడా.

ఇక్కడొక మాట. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే తాళీసపత్రి అసలైతే హిమాలయాల్లో పెరిగే మరో చెట్టు ఆకు. కానీ కొన్ని ప్రాంతాల బజార్లలో ఆ పేరుతో యూ ఆకులు అమ్మడం చాలాకాలంగా ఉంది. యూ ఆకు విషం. ఈ సంగతి తెలిశాక మా ఇంట్లో తాళీసాది చూర్ణం సీసా మీద తయారీదారు ఎవరో చూడకుండా వాడటం మానేశాం.

ఆకులో సగం మందు

ఎక్స్‌ట్రాక్షన్ (మొక్క నుంచి పదార్థాన్ని సాల్వెంట్ అనే ద్రావకంతో లాగడం) అనగానే చాలామందికి బెరడే గుర్తొస్తుంది. ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఫ్రాన్స్‌లోని జిఫ్-సుర్-ఇవెట్‌లో పియర్ పోతియే బృందం యూరప్ యూ చెట్టు ఆకుల్లో 10-డీఅసిటైల్ బకాటిన్ త్రీ అనే పదార్థం పుష్కలంగా ఉందని చూసింది. మా వాడుకలో దాన్ని 10-డీఏబీ అంటాం. కిలో పచ్చి ఆకుకు ఒక గ్రాము దాకా వస్తుంది. పాక్లిటాక్సెల్ అణువులో కష్టమైన భాగం మొత్తం, అంటే నాలుగు వలయాల ఆ చట్రం, ఇందులో తయారుగా ఉంటుంది. లేనిదల్లా పక్కన వేలాడే గొలుసు. దాన్ని రసాయనికంగా అతికించే దారిని 1988లో ఫ్రెంచి బృందం చూపించింది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ హోల్టన్ దాన్ని పరిశ్రమకు పనికొచ్చేలా మార్చారు. 1990ల మధ్యకల్లా ఈ మందు తయారుచేసే బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ కంపెనీ బెరడు మానేసింది.

ఆకు కోస్తే చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. గోరింటాకు కోసుకున్నట్టు ఏటా కోయొచ్చు.

మా లెక్క ఇలా వేశాం. పాక్లిటాక్సెల్ అణుభారం 853.9. 10-డీఏబీది 544.6. అంటే ఒక్క అణువు కూడా వృథా కాకపోతే కిలో మందుకు 638 గ్రాముల డీఏబీ చాలు. అన్ని మెట్లూ కలిపి సగం దిగుబడి అనుకుంటే 1.28 కిలోలు. ఆకులోంచి తీసేటప్పుడు పోయేది కూడా కలిపితే టన్నున్నర, రెండు టన్నుల పచ్చి ఆకు. పది టన్నుల ఎండు బెరడు, దానితోపాటు మూడు వేల చెట్ల ప్రాణం ఎక్కడ, ఇది ఎక్కడ!

కాగితం మీద ఇంత అందంగా ఉన్నది రియాక్టర్ దగ్గర అంత సులువు కాదు. డీఏబీలో రసాయనాలు పట్టుకోగల నాలుగు చోట్లు, అంటే హైడ్రాక్సిల్ గుంపులు, ఉన్నాయి. మనం గొలుసు అతికించాల్సింది 13వ కార్బన్ దగ్గర. అది గిన్నెలా వంగిన అణువులో లోపలి వైపు దాక్కుని ఉంటుంది, 7, 10 స్థానాలవి ముందుకొచ్చి నిలబడతాయి. కాబట్టి 7వ స్థానం అడ్డు రాకుండా దానికి సిలికాన్ గుంపుతో టోపీ పెట్టి, 10వ స్థానంలో అసిటైల్ తగిలించి, అప్పుడు గొలుసునిచ్చే బీటా లాక్టమ్‌తో 13 దగ్గర గొలుసు అతికించి, చివరికి టోపీలు తీయాలి. అతికించే మెట్టు సున్నాకు బాగా కింద, తేమ చుక్క లేకుండా జరగాలి. మా మొదటి పైలట్ బ్యాచ్ వర్షాకాలంలో పడింది. నైట్రోజన్ లైనులో తేమ చేరి బీటా లాక్టమ్ సగం నీటి పాలైంది. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ ముందు సాల్వెంట్‌లో తేమ చూసి, సంతకం పెట్టాకే రియాక్టర్లో పదార్థాలు వేయాలని రూలు పెట్టుకున్నాం.

ఫ్లాస్కులో అడవి

రెండో దారి నాకు మొదటినుంచీ మనసుకు దగ్గరగా ఉండేది. చెట్టు అక్కర్లేదు, సీజన్ అక్కర్లేదు, చక్కెర నీళ్లలో కణాలు పెరుగుతాయి, మందు అవే చేస్తాయి. ఒక పరిశోధన సంస్థతో కలిసి తొమ్మిది నెలలు ప్రయత్నించాం. కాలస్ వాళ్లే ఇచ్చారు.

కాలస్ అంటే మొక్క ముక్కను పోషకాల జెల్లీ మీద పెడితే, వేరూ ఆకూ కాకుండా ఊరికే పెరిగే కణాల ముద్ద. చూడ్డానికి పసుపు కలిపిన బొంబాయి రవ్వ ఉప్మాలా ఉంటుంది. దాన్ని చక్కెర, లవణాలు, విటమిన్లు, కొద్దిగా హార్మోన్లు కలిపిన ద్రవంలో వేసి, చీకట్లో, 25 డిగ్రీల దగ్గర షేకర్ మీద తిప్పుతూ ఉంటే విడివిడిగా, చిన్న గడ్డలుగా పెరుగుతుంది. దాన్నే సస్పెన్షన్ అంటారు.

మొదటి దెబ్బ రంగు రూపంలో తగిలింది. వంకాయ కోసి గాలికి వదిలేస్తే ఎలా నల్లబడుతుందో, యూ కణాలూ అలాగే గోధుమ రంగుకు తిరిగి చస్తాయి. రెండింటికీ కారణం ఒకటే, ఫినాల్ పదార్థాలు గాలి తగిలి మారిపోవడం. వంకాయ ముక్కల్ని మన ఇళ్లలో ఉప్పునీళ్లలో వేస్తాం, ఇక్కడ ఆస్కార్బిక్ ఆమ్లం, ఫినాల్‌ను పట్టుకునే పీవీపీ అనే పదార్థం వేస్తారు. అలా చేశాక కుదుటపడ్డాయి.

రెండోది వేగం. ఇ.కోలై బ్యాక్టీరియా మంచి పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. యూ కణానికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ తేడా అర్థమేమిటో ఫెర్మెంటేషన్‌లో పనిచేసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు మూడు వారాలు నడిచే ట్యాంకులో ఒక్క బ్యాక్టీరియా కణం దూరితే అది గెలుస్తుంది, యూ ఓడుతుంది. పైగా మొక్క కణాలు పల్చగా వేస్తే అసలు పెరగవు, మొదటినుంచీ చిక్కగా వేయాలి. కాబట్టి ఫ్లాస్కు నుంచి చిన్న ట్యాంకుకు, అక్కణ్నుంచి పెద్ద ట్యాంకుకు మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవాలి. పెద్ద ట్యాంకు నిండేసరికి నెలలు గడుస్తాయి. చివరి మెట్టులో కల్తీ అయితే ఆ నెలలన్నీ పోయినట్టే.

మా షేకర్లు ఒక రాత్రి ఆగిపోయాయి. కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటర్‌కు మారాల్సిన స్విచ్ పనిచేయలేదు. పొద్దున నేను వచ్చేసరికి కణాలన్నీ ఫ్లాస్కుల అడుగున పేరుకుని ఉన్నాయి. కదలిక లేక గాలి అందలేదు. రాత్రి షిఫ్ట్ చూసిన కుర్రాడు కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. "సార్, నేను రెండింటికి చూసినప్పుడు తిరుగుతూనే ఉన్నాయి సార్" అన్నాడు. తప్పు అతనిది కాదు. షేకర్లకు అలారం పెట్టించని నాది. మర్నాడే పెట్టించాను.

ఇక అసలు కీలకం. యూ కణాలు హాయిగా ఉన్నప్పుడు మందు పెద్దగా చేయవు. పాక్లిటాక్సెల్ ఆ చెట్టుకు ఆత్మరక్షణ సరంజామా. శత్రువు వచ్చిందన్న కబురు అందితేనే చేస్తుంది. ఆ కబురు మోసేది మిథైల్ జాస్మొనేట్. జాజి జాతి పూల నూనెలో దొరికింది కాబట్టి ఆ పేరు. ఆకును పురుగు కొరికినప్పుడు మొక్క లోపల ఈ తరహా పదార్థాలే పుడతాయి. 1996లో జపాన్ పరిశోధకులు యూ కణాల ద్రవంలో 100 మైక్రోమోలార్ మిథైల్ జాస్మొనేట్ కలిపి, రెండు వారాల్లో లీటరుకు 110 మి.గ్రా. పాక్లిటాక్సెల్ రాబట్టారు. ఈ రంగంలో ఆ ప్రచురణ ఒక మలుపు. కంపెనీలు ఆ తర్వాత సాధించిన అంకెలు చాలావరకు బయటికి రాలేదు.

అయితే భయపడ్డ కణం పెరగడం ఆపేస్తుంది. అందుకే పని రెండు అంచెలు. ముందు కణాలను పెంచుకోవాలి, తర్వాత బెదిరించాలి. తొందరపడి ముందే జాస్మొనేట్ వేస్తే కణాలు చాలవు, ఆలస్యం చేస్తే చక్కెర అయిపోయి నీరసించిన కణాలకు చేసే ఓపిక ఉండదు.

మమ్మల్ని ఓడించింది మాత్రం మరుపు. మా లైను, అంటే మేం పెంచుతున్న కణాల వంశం, మొదటి నెలల్లో మందు చేసింది. జపాన్ అంకెలో పదోవంతు కూడా కాదు, అయినా పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో మందును చూపే ఆ పీక్ కనబడ్డ రోజు ల్యాబులో పండగే. సబ్‌కల్చర్ (కొన్ని కణాలను తీసి కొత్త ద్రవంలో వేయడం) చేస్తూ పోయిన కొద్దీ కణాలు ఇంకా చక్కగా, ఇంకా వేగంగా పెరిగాయి. మందు తగ్గుతూ వచ్చింది. ఆరో నెల దాటేసరికి పీక్ వెతుక్కోవాల్సి వచ్చింది. ఇందులో వింతేం లేదు, సాహిత్యంలో పదే పదే కనిపించే సమస్యే. ఒకే ముద్దలోని కణాలన్నీ ఒకేలా ఉండవు, మందు చేసేవి కొన్నే. చేయనివాటికి ఆ శ్రమ లేదు కాబట్టి త్వరగా పెరుగుతాయి. మనం వేగంగా పెరిగే ఫ్లాస్కునే తర్వాతి తరానికి ఎంచుకుంటే, తెలియకుండానే సోమరుల్ని ఎంచుకున్నట్టు. దీనికి విరుగుడు ఉంది. బాగా చేసే లైను దొరికిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి బ్యాంకు చేసుకోవాలి, ప్రతి ఉత్పత్తికీ ఆ బ్యాంకు నుంచే మొదలుపెట్టాలి. మేం ఆ పని మొదటి వారంలోనే చేయాల్సింది, నాలుగో నెలలో చేశాం. ఇది చదివేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు: కాలస్ చేతికొచ్చిన రోజే దాన్ని గడ్డకట్టించే పద్ధతి కూడా మొదలుపెట్టండి.

ట్యాంకు వచ్చినా కాలమ్ పోదు

ట్యాంకులో కణాలు పెంచే సెల్ కల్చర్‌నూ ఎక్స్‌ట్రాక్షన్‌నూ ఎదురెదురుగా నిలబెట్టి పోల్చడం ఎంత తప్పో మాకు ఇక్కడ తెలిసింది. ట్యాంకులో మందు తయారైనా అది కణాల్లోనూ, చుట్టూ ఉన్న ద్రవంలోనూ కలగలిసి ఉంటుంది. లీటరు ద్రవంలో పదో వంతు గ్రాము. దాన్ని సాల్వెంట్‌తో లాగాలి, పదార్థాలను విడదీసే కాలమ్ ఎక్కించాలి, స్ఫటికాలుగా తీయాలి. అంటే కల్చర్ చివర కూడా ఎక్స్‌ట్రాక్షనే. కల్చర్ తీసేసేది అడవిని, రసాయనిక మార్పుల్ని. వేరుచేసే పనిని తీసేయదు. 2004లో బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్‌కు అమెరికా పర్యావరణ సంస్థ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చినప్పుడు, ఆ పని పేరులోనే మొక్క కణాల ఫెర్మెంటేషన్‌తోపాటు ఎక్స్‌ట్రాక్షన్ అనే మాట కూడా ఉంది.

తేడా పక్కన వచ్చే మలినాల్లో ఉంటుంది. చెట్టు బెరడులోనైనా, కల్చర్‌లోనైనా పాక్లిటాక్సెల్‌తోపాటు సెఫలోమానిన్ అనే దాని తోబుట్టువు పుడుతుంది. గొలుసు చివర చిన్న తేడా తప్ప మిగతాదంతా ఒకటే. కాలమ్‌లో రెండూ భుజం భుజం రాసుకుంటూ దిగుతాయి. డీఏబీ దారిలో గొలుసును మనమే అతికిస్తాం కాబట్టి ఆ తోబుట్టువు సమస్య ఉండదు. దాని బదులు మన రసాయనం తెచ్చిపెట్టేవి వస్తాయి: టోపీ పూర్తిగా ఊడనివి, అసిటైల్ తగలనివి, 7వ స్థానం తిరగబడినవి. మా క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) మేడమ్ రెండు దారుల క్రొమాటోగ్రాములు పక్కపక్కన పెట్టి, "రెండూ పాక్లిటాక్సెలే, కానీ పుట్టిల్లు ఏదో మొహం చూస్తే తెలిసిపోతుంది" అన్నారు. మందుల నాణ్యత ప్రమాణాలు రాసే అమెరికా ఫార్మకోపియా ఈ మందుకు మూలాన్ని బట్టి వేర్వేరు మలినాల పరీక్షలు పెట్టింది. సహజ మూలం, అర్ధ సంశ్లేషణ (మొక్క పదార్థానికి మిగతాది రసాయనికంగా చేర్చడం), మొక్క కణాల ఫెర్మెంటేషన్, వీటిలో ఏ దారిలో చేశారో లేబుల్ మీద చెప్పాలి. కాబట్టి ఒకసారి ఒక దారిలో అనుమతికి ఫైల్ చేశాక ఇంకో దారికి మారడమంటే మలినాల అధ్యయనాలు, స్టెబిలిటీ (మందు ఎంతకాలం పాడవకుండా ఉంటుందో చూడటం) అన్నీ మళ్లీ మొదటికి. మూలం ఎంపికను కొనుగోలు విభాగానికి వదిలేయకూడదని నేను పట్టుబట్టింది అందుకే.

మేం ఎందుకు ఆకునే ఎంచుకున్నాం

బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ ఎదుట ఉన్న లెక్క చూడండి. వాళ్ల అర్ధ సంశ్లేషణలో 11 రసాయనిక మార్పులు, 7 సార్లు వేరుచేయడాలు, 13 సాల్వెంట్లు. కల్చర్‌కు మారితే 10 సాల్వెంట్లు, 6 ఆరబెట్టే మెట్లు తప్పాయి. మొదటి అయిదేళ్లలో 71,000 పౌండ్ల, అంటే దాదాపు 32 టన్నుల ప్రమాదకర రసాయనాలూ ఇతర పదార్థాలూ తగ్గుతాయని అంచనా వేశారు. ఫైటన్ అనే కంపెనీ జర్మనీలో 75,000 లీటర్ల ట్యాంకు దాకా పెంచింది. ఆ సైజులో ఇది నిస్సందేహంగా మెరుగైన దారి.

మా సైజులో? లీటరుకు 110 మి.గ్రా., వేరుచేసేటప్పుడు 60 శాతం చేతికొస్తుందనుకుంటే, కిలో మందుకు 15,000 లీటర్ల కల్చర్ కావాలి. అంత ట్యాంకు, దానికి కింది మెట్ల ట్యాంకులు, వాటికి స్టెరైల్ గాలి, నెలల తరబడి ఒక్క తప్పు కూడా లేకుండా నడిపే మనుషులు. ఇన్నీ పెట్టి, ఏడాదిలో మాకు కావాల్సిన కొద్ది కిలోలు చేసుకున్నాక ఆ ట్యాంకు ఖాళీగా నిలబడుతుంది. మా గ్లాస్‌లైన్డ్ రియాక్టర్ అలా కాదు. ఈ నెల పాక్లిటాక్సెల్ మెట్టు చేస్తే, శుభ్రం చేసి వచ్చే నెల అదే బ్లాకులో మరో క్యాన్సర్ మందు మెట్టు చేస్తాం. పైగా సున్నాకు కింద, తేమ లేకుండా రియాక్షన్ నడపడం మా కెమిస్టుల చేతిలో పని. రెండు మూడు వారాలు క్రిమి దూరకుండా ట్యాంకు నడపడం మాకు కొత్త విద్య. మంచి లైను లేకపోవడం ఒక్కటే కారణమై ఉంటే ఇంకో ఏడాది పోరాడదామనేవాణ్ని. ఎంత మంచి లైను దొరికినా మా వాల్యూముకు ఆ ట్యాంకు గిట్టదని లెక్క తేలింది.

నా మనసు ఒప్పుకోని భాగం సాల్వెంట్లది. పటాన్‌చెరు పక్క నక్కవాగు నీళ్లు ఏమయ్యాయో, ఆ ఒడ్డున పొలాలున్న రైతులు ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారో ఈ పరిశ్రమలో ఉన్న మనందరికీ తెలుసు. 10 సాల్వెంట్లు తగ్గే దారిని వదులుకున్నప్పుడు ఆ బరువు మనమే మోయాలి. అందుకే ప్రాజెక్టు రిపోర్టులో రెండు షరతులు రాయించాను. రియాక్షన్ తర్వాత మందును వేరుచేసే పనిలో డైక్లోరోమీథేన్ వాడే చోట వీలైనంతవరకు ఇథైల్ అసిటేట్‌కు మారాలి, స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవం (మదర్ లిక్కర్) రికవరీకి వెళ్లాలి తప్ప నేరుగా డ్రమ్ముల్లోకి పోకూడదు. మొదటిది రెండు మెట్లలో కుదిరింది, మూడో మెట్టులో దిగుబడి పడిపోయి కుదరలేదు. అది ఇంకా బాకీ.

ఆకు దారిలో అనిశ్చితి అంతా సరఫరాలో ఉంటుంది. కోత సీజన్‌ను బట్టి, చెట్టు రకాన్ని బట్టి డీఏబీ శాతం మారుతుంది. మాకు తగిలిన దెబ్బ మాత్రం శాతంలో కాదు, కాగితంలో. ఒక సరఫరాదారు పంపిన లాటు పరీక్షల్లో అద్భుతంగా ఉంది. పత్రాల్లో జాతి పేరు దగ్గర "టాక్సస్" అని మాత్రమే ఉంది. ఏ టాక్సస్? హిమాలయాల్లో పెరిగే టాక్సస్ వాలిచియానా 1995 నుంచి అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2004 సమావేశంలో ఆసియాకు చెందిన మరికొన్ని యూ జాతులను చేర్చారు, రసాయన ఉత్పన్నాలనూ పరిధిలోకి తెచ్చారు. యూరప్ యూ ఆ జాబితాలో లేదు. అంటే ఆ ఒక్క మాట లేకపోతే, ఆ తెల్ల పొడి తోటలో కోసిన ఆకుదో, అడవిలో దొంగతనంగా నరికిన చెట్టుదో మాకు తెలియదు. ప్రొడక్షన్ మేనేజర్ గారు ఒత్తిడి చేశారు, షెడ్యూల్ జారిపోతోందని. క్యూఏ (నాణ్యత హామీ విభాగం) వాళ్లు లాటు తిప్పి పంపారు. నేను క్యూఏ పక్కనే నిలబడ్డాను, ఇప్పుడైనా అక్కడే నిలబడతాను. ఆ తర్వాత నుంచి జాతి పేరు, తోట ఎక్కడ, కోత ఎప్పుడు అన్నవి లేని లాటును గేటు దగ్గరే ఆపుతున్నాం.

పెరటి మొక్కలో ఇంకో పాఠం

ఈ కేసు విన్న మిత్రులు కొందరు, అయితే మొక్కల మందులన్నింటికీ ఇదే లెక్కా అని అడిగారు. కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, మన వాకిళ్లలో పూసే బిళ్లగన్నేరే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఇచ్చింది. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండాకు కావాలి. కల్చర్‌కు ఇంతకన్నా మంచి సందర్భం ఉండదనిపిస్తుంది. కానీ ఆ మందుకు కావాల్సిన రెండు సగాల్లో ఒకటైన విండోలిన్‌ను ముద్దగా పెరిగే కణాలు చేయవు. దానికి వెలుతురు, ఆకులోని ప్రత్యేకమైన కణాలు కావాలి. ఆకు కాకుండా ఆకు పని చేయమంటే కణం చేయదు. యూ కణం ఆకు కాకపోయినా చేస్తుంది కాబట్టే 75,000 లీటర్ల ట్యాంకు సాధ్యమైంది. కల్చర్ గురించి ఆలోచించే ఎవరైనా ముందు అడగాల్సింది ఇదే: ఈ పదార్థాన్ని మొక్క ఏ కణంలో చేస్తోంది?

రెండో ప్రశ్న, మొక్క తిరిగి పెరగడానికి ఎంతకాలం పడుతుంది? మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు ఈస్ట్ ద్వారా చక్కటి దారి కనిపెట్టారు. సనోఫీ కంపెనీ ఇటలీలోని గరెస్సియోలో 2013లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ మొక్క ఒక్క సీజన్‌లో పెరుగుతుంది. రైతులు సాగు పెంచారు, మొక్క నుంచి తీసినదాని ధర పడిపోయింది, 2016లో సనోఫీ ఆ ప్లాంటును అమ్మేసింది. వందేళ్ల చెట్టుకు గెలిచే పద్ధతి ఆరు నెలల మొక్కకు ఓడిపోవచ్చు.

మా పాక్లిటాక్సెల్ ఇప్పుడు అర్ధ సంశ్లేషణ లేబుల్‌తో వెళ్తోంది. నాలుగో నెలలో ఆలస్యంగా గడ్డకట్టించిన ఆ కణాల వయల్స్ కొన్ని ఇంకా పరిశోధన సంస్థ వాళ్ల నైట్రోజన్ ట్యాంకులోనే ఉన్నాయి. కానీ నేనిప్పుడు వాటికన్నా ఎక్కువగా చూస్తున్నది వేరే వైపు. 2024లో చైనా శాస్త్రజ్ఞులు, 2025లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ సాటెలీ బృందం, బకాటిన్ త్రీ తయారీకి యూ చెట్టు వాడే జన్యువులను గుర్తించి, పొగాకు జాతి మొక్క ఆకుల్లో దాన్ని చేయించారు. బకాటిన్ త్రీ అంటే 10వ స్థానంలో అసిటైల్ అప్పటికే తగిలి ఉన్న మా డీఏబీయే. ఆ జన్యువులు రేపు ఈస్ట్‌లో పనిచేస్తే, రెండు మూడు వారాలు క్రిమి భయంతో కాపలా కాయాల్సిన యూ కణాలతో పని లేదు. ఈస్ట్ ఫెర్మెంటేషన్ హైదరాబాద్ చుట్టుపక్కల తెలిసిన విద్యే. అక్కడి నుంచి మిగతా మెట్లకు మా రియాక్టర్లు సిద్ధంగా ఉన్నాయి, ఒక మెట్టు తగ్గుతుంది కూడా. ఆ రోజు కోసం మా స్పెసిఫికేషన్ ఫైలులో మూలం పదార్థం పేజీకి రెండో గడి పెట్టి ఉంచాను. ప్రస్తుతం అది ఖాళీ.